శునక విధేయతా శిక్షణ

పెంపుడు కుక్క యజమాని మాటకో సైగకో తడబాటు లేకుండా స్పందించేలా, కూర్చోవడం, పడుకోవడం, ఉన్నచోటే ఆగడం, పిలవగానే రావడం, లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు) లాగకుండా పక్కన నడవడం వంటి పనులను క్రమపద్ధతిలో నేర్పడాన్ని శునక విధేయతా శిక్షణ అంటారు. వేట, కాపలా, పోలీసు, సైనిక విధుల కోసం ఇచ్చే ప్రత్యేక శిక్షణలకు ఇది పునాది. అయితే వాటిలో జంతువు బాధ్యత తీసుకునే హ్యాండ్లర్ స్వయంగా తర్ఫీదు పొందినవాడై ఉంటాడు; ఇంటి కుక్క విషయంలో అలాంటి ఏర్పాటు లేనందువల్ల, వృత్తి శిక్షకుడు కుక్కకు ఎంత నేర్పుతాడో దానితో కలిసి బతికే కుటుంబానికి అంతకు మించి నేర్పవలసి వస్తుంది.

పూర్వరంగం

కుక్కలకు పని నేర్పడం గురించిన రచనలు ప్రాచీనమైనవే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దానికి చెందిన గ్రీకు రచయిత జెనొఫన్ పేరిట ఉన్న వేట గ్రంథంలో కుక్కల పెంపకం, తర్ఫీదు ప్రస్తావనకు వస్తాయి. ఆ గ్రంథ కర్తృత్వం గురించి పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆధునిక కాలానికి వస్తే, అమెరికాలో వేటకుక్కలను కొట్టి లొంగదీసే ఆచారాన్ని ఎస్. టి. హామండ్ అనే పత్రికా రచయిత విమర్శించి, సరిగా చేసిన పనికి మెచ్చుకోలు, మాంసపు ముక్క ఇవ్వాలని వాదించాడు. ఈ రచన కాలాన్ని కొన్ని ఆకరాలు 1882గా, మరికొన్ని 1885గా పేర్కొంటాయి; ముందు వ్యాసాలుగా, తర్వాత పుస్తకంగా వెలువడి ఉండటం ఈ తేడాకు కారణం కావచ్చు. బహుమతితో నేర్పడం ఇటీవలి పోకడ అన్న అభిప్రాయం సరికాదనడానికి హామండ్ రచనే తగిన సాక్ష్యం.

జర్మనీలో 1906 నుంచి పోలీసు కుక్కలతో పనిచేసిన కొన్రాడ్ మోస్ట్ 1910లో ప్రచురించిన శిక్షణ గ్రంథం 20వ శతాబ్దపు పద్ధతులను ఎక్కువగా ప్రభావితం చేసింది. మోస్ట్ పద్ధతిలో బలప్రయోగం గణనీయంగా ఉన్నమాట నిజమే కాని, పనికి వెనువెంటనే వచ్చే ఫలితమే జంతువు తదుపరి ప్రవర్తనను నిర్ణయిస్తుందన్న సూత్రాన్ని ప్రయోగశాలల మనస్తత్వవేత్తలు విస్తరించడానికి చాలా ముందే ఆయన ఆచరణలో గుర్తించాడు. ఆంగ్లానువాదం 1954లో గాని రాలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో ఎడ్విన్ రిచర్డ్‌సన్ నిర్వహించిన యుద్ధశునకాల పాఠశాల కూడా ఈ పరిణామంలో ఒక మెట్టు.

మౌంట్ కిస్కో పరీక్ష, దాని పర్యవసానం

సామాన్య యజమాని తన కుక్కను తానే నడిపించి పరీక్షకు నిలబెట్టే సంప్రదాయం అమెరికాలో హెలెన్ వైట్‌హౌస్ వాకర్‌తో మొదలైందని చెప్పడం పరిపాటి. స్టాండర్డ్ పూడిల్ జాతిని పెంచిన ఈమె, ఆ కుక్కలు సింగారానికి తప్ప పనికిరావన్న ఎగతాళిని తిప్పికొట్టదలచి, బ్రిటన్‌లో అప్పటికే జరుగుతున్న పరీక్షల నమూనాలో 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో తొలి పోటీ ఏర్పాటు చేసింది. అందులో పాల్గొన్నవి ఎనిమిది కుక్కలే. నమూనా బ్రిటన్‌ది కాబట్టి ఆద్యురాలన్న పేరు అమెరికా వరకే చెల్లుతుందనీ, మూలం బ్రిటన్‌దేననీ అనుకోవడం సమంజసం. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1936లో ఈ పరీక్షలకు నియమావళిని ఆమోదించింది. మరుసటి ఏడాది వాకర్, ఆమె సహచరి బ్లాంచ్ సాండర్స్ కారుకు ట్రైలరు తగిలించుకుని, పూడిళ్లను వెంటబెట్టుకుని, సుమారు 10,000 మైళ్లు తిరుగుతూ ఊరూరా ప్రదర్శనలు ఇచ్చారు. కుక్కకు తర్ఫీదు ఇవ్వడమెలాగో యజమానికి తర్ఫీదు ఇవ్వడమే తన ఉద్దేశమని 1946లో ప్రచురించిన పుస్తకం పేరులోనే సాండర్స్ స్పష్టం చేసింది. ఈ వృత్తి స్వభావాన్ని ఇంత సూటిగా పట్టుకున్న రచన అంతకుముందు వచ్చినట్టు కనబడదు.

ఆ నియమావళి ప్రకారం మొత్తం 200 మార్కులు ఉంటాయి. ప్రతి అంశంలోనూ సగానికి మించి, మొత్తం మీద 170కి తగ్గకుండా మూడు పోటీల్లో సాధించిన కుక్కకు ప్రాథమిక స్థాయిలో 'కంపానియన్ డాగ్' బిరుదు లభిస్తుంది. యజమాని ఎడమ తుంటికి కుక్క భుజం సరిగా వచ్చేలా నడవడాన్ని 'హీల్' అంటారు. ఇంతటి కచ్చితత్వం పోటీకి శోభనిస్తుంది గాని ఇంటికి అంత అవసరం లేదు. ఆ తేడాను గుర్తించినట్టుగా అదే సంస్థ 1989లో 'కెనైన్ గుడ్ సిటిజన్' పేరుతో మార్కులు లేని పది అంశాల పరీక్షను ప్రవేశపెట్టింది. అపరిచితుడు పలకరించినప్పుడు మీద పడకుండా ఉండటం, జనసమూహంలోంచి నింపాదిగా నడవడం, యజమాని కాసేపు కనబడకపోయినా ఓర్చుకోవడం వంటివి అందులో చేరాయి. పెంపుడు కుక్కకు కావలసిన విద్య ఏదంటే, బిరుదుల పరీక్ష కన్నా ఈ రెండో జాబితానే దగ్గరి సమాధానం.

పద్ధతుల వివాదం

1962లో వెలువడిన విలియం కోలర్ పుస్తకం, లాగితే మెడ చుట్టూ బిగుసుకునే చోక్ చైన్‌తో తప్పును సరిదిద్దడాన్ని ప్రధాన సాధనం చేసింది. డిస్నీ చిత్రాల కుక్కలకు శిక్షకుడిగా కోలర్‌కున్న పేరు ఆ పుస్తకానికి విస్తృత ప్రచారం తెచ్చింది. ఈ ధోరణికి తోడుగా, కుక్క తోడేలు సంతతి కనుక యజమాని గుంపు నాయకుడిలా దాన్ని అణచి ఉంచాలన్న సిద్ధాంతం ప్రాచుర్యం పొందింది. దీని మూలం 1947లో పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ బంధనంలోని తోడేళ్ల మీద చేసిన పరిశీలన. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1970 నాటి గ్రంథం ఆ భావనను వ్యాప్తిలోకి తెచ్చింది. అయితే అడవి తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలతో కూడిన కుటుంబమేననీ, నాయకత్వం కోసం నిత్యపోరాటం అక్కడ కనబడదనీ 1999లో మెక్ స్వయంగా వివరించాడు. కుక్కను వెల్లకిలా పడదోసి అదిమిపట్టే పద్ధతిని 1978లో సిఫారసు చేసిన కుక్కల శిక్షణకు పేరొందిన న్యూ స్కీట్ మఠ సన్యాసులు కూడా తర్వాతి ముద్రణలో దాన్ని ఉపసంహరించుకున్నారు.

శిక్షకు బదులు బహుమతిని ఆధారం చేసుకున్న రెండో పాయ ప్రయోగశాల నుంచి వచ్చింది. ఒక చర్య వెంట జంతువు కోరుకునేది లభిస్తే ఆ చర్య మళ్లీ జరిగే అవకాశం పెరగడాన్ని మనస్తత్వశాస్త్రంలో పునర్బలనం అంటారు. మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ శిష్యులైన కెల్లర్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు ఈ సూత్రంతో వ్యాపార ప్రాతిపదికన జంతువులకు పనులు నేర్పారు. వారి సంస్థ ప్రారంభాన్ని కొందరు 1943గా, కొందరు 1947గా చెబుతారు. సరైన క్షణాన్ని జంతువుకు తెలియజేసే చిన్న శబ్దసాధనం, అంటే క్లిక్కర్, కరెన్ ప్రయర్ పేరుతో ముడిపడినా, 1951లోనే స్కిన్నర్ ఒక పత్రికా వ్యాసంలో దాని వాడుకను వర్ణించాడు. డాల్ఫిన్ల శిక్షకురాలైన ప్రయర్ 1984లో రాసిన పుస్తకం, 1990లలో జరిగిన ప్రదర్శనలు దాన్ని కుక్కల యజమానుల చేతికి చేర్చాయి. పశువైద్యుడు ఇయన్ డన్‌బార్ 1982లో ప్రారంభించిన కూనల తరగతులు, ఆరు నెలలు నిండేదాకా శిక్షణ మొదలుపెట్టకూడదన్న పాత నమ్మకాన్ని సడలించాయి.

రెండు పాయల్లో ఏది మెరుగన్న ప్రశ్నకు లభ్యమైన ఆధారాలు ఎక్కువగా బహుమతి వైపే మొగ్గుతున్నాయి. 2004లో బ్రిటన్ యజమానుల మీద జరిగిన సర్వేలో శిక్షల కన్నా బహుమతులతో నేర్చిన కుక్కల విధేయతే ఎక్కువగా నమోదైంది. ఇది యజమానులు స్వయంగా చెప్పుకున్న సమాచారమన్న పరిమితి ఉంది. 2020లో పోర్చుగల్‌లో 92 కుక్కలను పరిశీలించిన అధ్యయనం, శిక్షలు వాడే పాఠశాలల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా ఉన్నట్టు గుర్తించింది. విద్యుత్ షాక్ ఇచ్చే మెడపట్టీలను వేల్స్ 2010లో నిషేధించింది.

శిక్షణలో జరిగేది

'సిట్' నేర్పే తీరు బహుమతి పద్ధతికి మంచి ఉదాహరణ. ఉడికించిన కోడిమాంసం ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని కుక్క ముక్కుకు ఆనించినంత దగ్గరగా ఉంచి, నెమ్మదిగా నుదుటి మీదుగా వెనక్కి జరిపితే, చూపు పైకి లేచే కొద్దీ దాని నడుము దానంతటదే కిందికి దిగుతుంది. పిరుదులు నేలను తాకిన క్షణంలోనే క్లిక్కర్ నొక్కాలి లేదా 'శభాష్' వంటి ఒకే గుర్తుమాట అనాలి. ముక్క ఆ తర్వాత ఇవ్వాలి. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే కుక్క అప్పటికే లేచి ఉంటుంది కనుక బహుమతి లేవడానికి దక్కినట్టవుతుంది. ముక్కను మరీ ఎత్తుగా పట్టుకుంటే అది ఎగురుతుంది. కొత్తగా నేర్చుకునే యజమానులు చేసే పొరపాట్లలో ఈ రెండూ ముఖ్యమైనవి, రెండూ కుక్కవి కావు.

నేర్చిన పనిని నిలబెట్టడం మరింత కష్టం. హాల్లో బుద్ధిగా కూర్చున్న కుక్క గేటు దగ్గర కూర్చోకపోవడం మొండితనం కాదు. కొత్త చోట పాత పాఠం దానికి కొత్తగానే తోస్తుంది. అందువల్ల దూరం, వ్యవధి, దృష్టి మళ్లించే ఆకర్షణలు అనే మూడింటిలో ఒకసారికి ఒకదాన్ని మాత్రమే పెంచుతూ, స్థలాలు మారుస్తూ సాధన చేయించాలి. పిలిస్తే వచ్చిన కుక్కను ఆలస్యంగా వచ్చిందని తిట్టడం, పిలిచిన ప్రతిసారీ ఆట మాన్పించి కట్టేయడం వల్ల పిలుపే దానికి శిక్షగా మారుతుంది.

కూనకు సుమారు మూడు నుంచి పన్నెండు వారాల వయసు మధ్య మనుషులతో, శబ్దాలతో, ఇతర జంతువులతో కలిగే పరిచయం శాశ్వత ప్రభావం చూపుతుందని పరిశోధకులు స్కాట్, ఫుల్లర్ 1965 నాటి గ్రంథంలో నిరూపించారు. తొలి టీకా, నులిపురుగుల మందు పడిన వారం తర్వాత కూనల తరగతికి పంపవచ్చని అమెరికా పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం సూచిస్తుంది; అయితే కూనలకు ప్రాణాంతకమైన పార్వో వైరస్ వ్యాధి భయం ఉన్న మన వీధుల్లో టీకాల క్రమం పూర్తయ్యేవరకు కూనను నేల మీద నడిపించకుండా, ఎత్తుకుని లోకం చూపించడం క్షేమం.

తెలుగు ప్రాంతాల్లో

దేశంలో వ్యవస్థీకృత శిక్షణ ప్రధానంగా సైనిక, పోలీసు రంగాల్లో ఎదిగింది. మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రం, గ్వాలియర్ సమీపంలోని టేకన్‌పూర్ సరిహద్దు భద్రతాదళ కేంద్రం, తెలంగాణలో మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ సంస్థ ఇందుకు ఉదాహరణలు. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ప్రదర్శనలతోపాటు విధేయతా పరీక్షలను గుర్తిస్తుంది.

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లో శిక్షకుడు ఇంటికి వచ్చి పాఠం చెప్పడం, కొన్ని వారాలపాటు కుక్కను తన దగ్గరే ఉంచుకుని నేర్పి పంపడం అనే రెండు ఏర్పాట్లు వాడుకలో ఉన్నాయి. రెండోది యజమానికి సులువుగా తోచినా, అక్కడ శిక్షకుడి గొంతుకు అలవాటుపడిన కుక్క ఇంటికి రాగానే పాత తీరుకు మళ్లడం సాధారణం. ఇంట్లో ఒకరు 'సిట్' అనీ, మరొకరు 'కూర్చో' అనీ, ఇంకొకరు 'ఏయ్, దిగు' అనీ అంటుంటే ఏ శిక్షణా నిలవదు. ఆజ్ఞ ఇంగ్లీషులో ఉన్నా తెలుగులో ఉన్నా అందరిదీ ఒకే మాట కావాలి.

శునక శిక్షకులకు ప్రత్యేకమైన చట్టబద్ధ లైసెన్సు విధానం దేశంలో లేదు. అయితే 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టి అనవసర బాధ కలిగించడం, అసమంజసమైనంత సేపు పొట్టి గొలుసుతో కట్టి ఉంచడం నేరాలే. శిక్షణ పేరు చెప్పి చేసినంత మాత్రాన మినహాయింపు దొరకదు. అందువల్ల శిక్షకుణ్ణి కుదుర్చుకునే యజమాని, కుక్క తప్పు చేసినప్పుడు ఏం చేస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి. పాఠం జరిగినంతసేపు యజమాని పక్కనే ఉండి స్వయంగా సాధన చేయడానికి ఒప్పుకోని శిక్షకుడికి కుక్కను అప్పగించకూడదు.