వడపళనిలో కాసిన వెన్నెల

‘మాయాబజార్’ చూడని తెలుగువాళ్లు తక్కువ. కె.వి.రెడ్డి గారు దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ తీసింది. రామారావు, సావిత్రి, ఎస్.వి.రంగారావు గార్ల నటన గురించి పెద్దవాళ్లు చాలా రాశారు. నేను మాత్రం అందులోని వెన్నెల గురించి రాస్తాను. ఎందుకంటే ఆ వెన్నెల మన చెన్నైలోనే, వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలో తయారైంది.

‘లాహిరి లాహిరి’ పాటలో శశిరేఖ, అభిమన్యుడు పడవలో వెళ్తుంటారు. తర్వాత అదే పడవలో కృష్ణుడు, రుక్మిణి కనిపిస్తారు. చివరికి బలరాముడు, రేవతి కూడా వస్తారు. నీళ్ల మీద వెన్నెల మెరుస్తూ ఉంటుంది. చిన్నప్పుడు నేను దాన్ని నిజంగానే రాత్రిపూట నది మీద తీశారనుకున్నాను. కానీ అది కుదరదు. పౌర్ణమి వెన్నెల కూడా ఎండతో పోలిస్తే సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. ఆ రోజుల్లో ఫిల్ము మీద బొమ్మ పడాలంటే చాలా వెలుతురు కావాలి. అందుకని ఎన్నూరు దగ్గర బయట తీసింది కొన్ని సెకన్లేనట. మిగతాదంతా స్టూడియో లోపల దీపాలతో సృష్టించారు. అంటే చల్లని వెన్నెల అని మనం మురిసిపోయేది మండిపోయే లైట్ల వెలుతురు అన్నమాట!

ఇది చేసిన కెమెరామన్ మార్కస్ బార్ట్లీ గారు. ఆయన ఆంగ్లో ఇండియన్. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’లకూ కెమెరా ఆయనదే. 1965లో వచ్చిన మలయాళం ‘చెమ్మీన్’లో సముద్రాన్ని రంగుల్లో చూపించిందీ ఆయనే. కళా దర్శకులు గోఖలే, కళాధర్ గార్లు. ద్వారక నగరం కోసం 50 అడుగులు, 60 అడుగుల స్థలంలో సుమారు 300 బుల్లి ఇళ్లు కట్టారు. వాటికి కరెంటు దీపాలు పెట్టించింది కూడా బార్ట్లీ గారే. తెర మీద చూస్తే పెద్ద పట్టణం. ఇక ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి పడడం గురించి మొదలుపెడితే నాకు ఇచ్చిన పేజీలు చాలవు.

మా తాతయ్య 1960లలో వాహినీలో లైట్‌బాయ్‌గా పనిచేశారు. ఆయన చేరేసరికి మాయాబజార్ వచ్చి ఐదారేళ్లయింది, కాబట్టి ఆ సినిమాకి ఆయన పనిచేయలేదు. (ఇది ముందే చెప్పేయాలి, మా తమ్ముడు బడిలో వేరేగా చెప్పుకుంటున్నాడు.) సెట్టు పైన వేలాడే చెక్క పలకల మీద కూర్చుని లైట్లు తిప్పడం తాతయ్య పని. “కింద హీరోకి ఫ్యాను, పైన మాకు చెమట” అంటారు. వెన్నెల కావాలంటే లైటు ముఖం మీద పడకూడదట, వెనకనుంచి పడాలట. అప్పుడు జుట్టు అంచు, భుజం అంచు వెండి గీసినట్టు మెరుస్తాయి. ముఖానికి కొంచెం వెలుతురు చాలు. నీళ్లు సన్నగా కదులుతూ ఉంటేనే మెరుపు ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. ఇదంతా విన్నాక ఆ పాట మళ్లీ చూశాను. అంతకుముందు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కానీ వెలుతురు ఎటునుంచి వస్తోందో అప్పుడే మొదటిసారి చూశాను.

తాతయ్య పేరు ఏ సినిమా టైటిల్స్‌లోనూ లేదు. ఆ స్టూడియో కూడా ఇప్పుడు లేదు. తెలుగు సినిమా మెల్లమెల్లగా హైదరాబాదుకు వెళ్లిపోయింది, మాలాంటి కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. నాగిరెడ్డి గారు 1972లో అక్కడే విజయా ఆసుపత్రి కట్టించారు. తర్వాత ఆ స్థలంలోనే షాపింగ్ మాల్ కూడా వచ్చింది. పోయిన దీపావళికి బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు తాతయ్య ఎస్కలేటర్ పక్కన నిలబడి, తను పనిచేసిన ఫ్లోరు ఎటువైపు ఉండేదో చాలాసేపు చూశారు. తేల్చుకోలేకపోయారు. “పదరా, కాళ్లు నొప్పులు” అన్నారు.

2010 జనవరి 30న మాయాబజార్ రంగుల్లో మళ్లీ విడుదలైంది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులు వేయించింది. 184 నిమిషాల సినిమా 165 నిమిషాలకు తగ్గింది. దానివల్ల కొత్త పిల్లలు థియేటర్‌కు వెళ్లి చూశారు, అది మంచిదే. మా తమ్ముడు నలుపు తెలుపు సినిమా అంటేనే లేచి వెళ్లిపోతాడు, రంగులది కాబట్టే కూర్చున్నాడు. కానీ నాకు తృప్తిగా లేదు. రంగుల్లో చూస్తే కన్ను చీర మీదికి, నగల మీదికి పోతుంది. బార్ట్లీ గారికి రంగుల్లో తీయడం చేతకాక కాదు, చెమ్మీన్ చూస్తే తెలుస్తుంది. ఈ సినిమాకి ఆయన చేతిలో ఉన్నవి నలుపూ తెలుపే కాబట్టి, ప్రతి దీపాన్నీ ఆ రెండింటికి సరిపోయేలా పెట్టారు. వాటి మీద ఇంకొకరు తర్వాత నీలం పూస్తే అది ఎవరి వెన్నెల?

మొన్న ఆదివారం టీవీలో రంగులదే వేశారు. పాట మొదలవగానే తాతయ్య, “ఒరేయ్, ఆ రంగు తీసెయ్యి” అన్నారు. రిమోట్‌తో సెట్టింగుల్లోకి వెళ్లి కలర్‌ని సున్నా చేశాను. తమ్ముడు గోల పెట్టాడు. బూడిదరంగు బొమ్మ వచ్చింది, అసలు ప్రింటు అంత నల్లగా, తెల్లగా లేదు. అయినా తాతయ్య కళ్లద్దాలు పైకి జరుపుకుని ముందుకు వంగి, “అదిగో, ఎడమ పక్క పైన పెట్టాడు లైటు” అన్నారు. తమ్ముడు కూడా అటే చూశాడు.