నాజరుగారి పల్నాటి యుద్ధము

పాతకథను తామే కూర్చి, తామే పాడి, ఆడి మెప్పించిన జానపద గాయకులలో షేక్ నాజరుగారు అగ్రగణ్యులు. వారు 1920లో గుంటూరు మండలమందలి పొన్నెకల్లున దూదేకుల యింట జన్మించిరి. దూదేకులవారిని లోకము చులకనగా పిలుచు 'పింజారి' అను మాటనే వారు తమ ఆత్మకథకు పేరుగా నిలిపిరి. ఆ ధీమాయే వారి కథలయందును కనవచ్చును.

పల్నాటి కథ వారు కల్పించినది కాదు. 12వ శతాబ్దిలో మాచర్ల, గురజాల పక్షములవారు కారెంపూడి కడ పోరాడిన దాయాదుల కలహమది. శ్రీనాథుని పేర ద్విపదకావ్యము ప్రసిద్ధమై యున్నను, ఆ గాథను నోట నిలుపుకొన్నవారు మాలలలోని వీరవిద్యావంతులు. కారెంపూడి వీరులగుడి కడ కార్తిక బహుళ అమావాస్య మొదలు ఐదునాళ్లు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ నాళ్లకు పేర్లు. అక్కడ పాట వినోదము గాదు, వీరుల కొలుపు.

అట్టి కథను గుడిముంగిట నుండి ఊరూర వేదికలమీదికి తెచ్చుటకు నాజరుగారికి దొరకిన సాధనము బుఱ్ఱకథ. జంగముల కథ నుండి పెరిగిన ప్రక్రియ యిది. నడుమ కథకుడు భుజమున తంబుర, చేత అందెలు. ఇరువంకల గుమ్మెటలతో వంతలు. ఒక వంత నవ్వించును. రెండవవాడు కథను ఆపి లోకవ్యవహారమును ముచ్చటించును. ఈ రెండవవాని నోటికి జంకియే కాబోలు, మద్రాసు ప్రభుత్వమును, నిజాము ప్రభుత్వమును బుఱ్ఱకథను నిషేధించినవి. ప్రజానాట్యమండలి చేపట్టిన పిమ్మట ఆ నోరు మఱింత పదునెక్కెను. 1943 నాటి బెంగాలు కరవును కథగా చెప్పినది నాజరుగారే.

పల్నాటి కథలో కోడిపందెము, బాలచంద్రుని శౌర్యము ఎవరికైనను రుచించును. నా మట్టుకు చాపకూడు ఘట్టము వానికంటె మిన్న. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భుజింపజేసెను. మాల కన్నమదాసును బిడ్డగా చేరదీసెను. ఎనిమిది వందల యేండ్ల నాటి యీ ముచ్చటను దూదేకుల గాయకుడు చెప్పుచుండ వినుటలో గల స్వారస్యము, తాళపత్రమున చదివినచో కలుగదు.

మన దేశమున 1902లోనే గ్రామఫోను ముద్రణ ఆరంభమయ్యెను. కాని నాటి పలకకు ఒక ప్రక్కను పట్టునది మూడు నిమిషముల పాట. రేయంతయు సాగు కథ దానిలో ఎట్లు ఇముడును? అడుగుల విసురును, కనుబొమల వంపును ఏ పలకయు పట్టజాలదు. ఆ విద్య నేర్పవలసినది మనిషియే.

నాజరుగారికి 1986లో పద్మశ్రీ లభించెను. 1997లో వారు కన్నుమూసిరి. శ్రీనాథుని పేరు పండితులు తలచుచున్నారు, నాజరు పేరు ప్రజలు తలచుచున్నారు. వీరులగుడి కడ తరతరములుగా ఆ గాథను కాచిన వీరవిద్యావంతులలో ఒక్కరి పేరైనను మన పిల్లల పాఠ్యగ్రంథములలో చేరవలసియున్నది.