బొమ్మయు మాటయు



నల్లబల్ల యెదుట సుద్దముక్కతో బ్రదుకు గడపినవాఁడను. బొమ్మ గీసి చెప్పిన పాఠము మనసున నాటుకొనునని యెఱుఁగుదును. ఆ సుద్దముక్క పనిని కంప్యూటరు చేపట్టిన వృత్తాంతమును నేఁడు మనవిచేసెదను.

అమెరికాదేశమున ఫోర్‌థాట్ అను చిన్నసంస్థలో రాబర్ట్ గాస్కిన్స్ 1984లో నీ పని తలపెట్టెను. డెన్నిస్ ఆస్టిన్, థామస్ రుడ్కిన్ అనువారు తోడై నిర్మింపఁగా 1987లో 'పవర్‌పాయింట్' వెలువడెను. ఆ యేఁడే మైక్రోసాఫ్ట్‌వారు 1 కోటి 40 లక్షల డాలర్లకు ఆ సంస్థను కొనిరి. తొలుత నది నలుపు తెలుపు బొమ్మలనే కూర్చెడిది. వానిని పారదర్శకమగు రేకులపై నెత్తి, దీపపు వెలుఁగున తెరపైఁ జూపెడివారు. 1988లో రంగులు చేరెను. పిమ్మట నొక పటము కరఁగి వేఱొకటియగుట, అక్షరములు ఎగిరివచ్చి నిలుచుట మొదలగు వింతలు గలిగెను.

అయితే ముఖ్యమైన మాట పటమున మఱుగుపడినచో నేమగును? 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక పైకెగయునపుడు నురుగుముక్క యొకటి దాని యెడమ ఱెక్కను గొట్టెను. ఇంజనీర్లు తమ విచారమును స్లైడులపై అధికారులకుఁ జూపిరి. పరీక్షించినది 3 ఘనపుటంగుళముల ముక్క. ఇప్పటి లెక్క 1920. ఆ మాట స్లైడు అడుగున చిన్న యక్షరములలో నుండెను. పైనున్న శీర్షిక ధైర్యము చెప్పుచుండెను. ఫిబ్రవరి 1న నౌక తిరిగివచ్చుచు ఆకాశముననే విచ్ఛిన్నమయ్యెను. కర్నాలులోఁ బుట్టిన కల్పనా చావ్లాతోఁ గూడ నేడుగురు మరణించిరి. సమగ్రమైన వ్రాతకు బదులు స్లైడులను నమ్ముటను విచారణసంఘము నివేదికలోఁ దప్పుపట్టెను.

కావున బొమ్మను మెచ్చుకొనుఁడు. దాని యడుగున నున్న చిన్న యక్షరములను గూడఁ జదువుఁడు.