పదం, అర్థం, ప్రయోగం

నిజాం పాలనలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. అందువల్ల ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థి రెండు పరభాషలు నేర్వవలసి వచ్చింది.

మద్రాసు రాజధానిలో సి.పి. బ్రౌన్ 1852లో ప్రచురించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అర్థాలతో ఆగలేదు. అనేక పదాలకు ప్రయోగాలనూ చూపింది.

ఈ పద్ధతిని మీరూ అనుసరించవచ్చు. ఉర్దూ నుంచి మన వాడుకలోకి వచ్చిన 'బకాయి'ని తీసుకోండి. ఇంగ్లీషులో 'అరియర్స్'. నిర్వచనం: గడువు దాటినా చెల్లించని సొమ్ము. ప్రయోగం: 'ది రెంట్ ఈజ్ ఇన్ అరియర్స్', అంటే అద్దె బకాయి పడింది. ఇక్కడ 'అరియర్స్'కు ముందు 'ఇన్' వస్తుందని నిర్వచనం చెప్పదు, వాక్యమే చెబుతుంది. కాబట్టి ప్రతి కొత్త పదాన్నీ ఒక వాక్యంతో కలిపి రాసుకోండి.