టోఫు

సోయా పాలను విరగ్గొట్టి, నీరు పిండి, పలకలుగా కోసే తెల్లటి ముద్ద టోఫు. చైనాలో పుట్టిన వంటకం, జపాన్ ఉచ్చారణతో ప్రపంచమంతా తిరిగిన పేరు. ఫాంటులో అక్షరం లేనప్పుడు తెరమీద వరసగా కనబడే ఖాళీ డబ్బాలకూ అదే పేరు స్థిరపడింది. ఆకారం అలాంటిది మరి! ‘నో టోఫు’ అన్న మాటల్లోంచే గూగుల్ తన ఫాంట్లకు నోటో అని పేరు పెట్టింది. అందులో తెలుగు ఫాంట్లూ ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ హెల్ప్ ఫైళ్లు తయారుచేసేవాళ్లకు ఈ బెడద బాగా తెలుసు. బ్రౌజర్‌లో తెలుగు చక్కగానే ఉంటుంది, ఎందుకంటే అది తనంతట తానే మరో ఫాంటు వెతుక్కుంటుంది. అదే పాఠాన్ని అపాచీ ఎఫ్‌వోపీ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేస్తే టోఫు కూడా దక్కదు, అక్షరాల చోట హ్యాష్ గుర్తులు బారులు తీరతాయి. స్టైల్‌షీట్‌లో తెలుగు ఫాంటు పేరు రాస్తే చాలదు. ఆ ఫాంటు ఫైలు ఎక్కడుందో ఎఫ్‌వోపీ కాన్ఫిగరేషన్‌లోనూ చెప్పాలి, రెండుచోట్లా పేరు ఒకేలా ఉండాలి. ఏ గ్లిఫ్ (అక్షర రూపం) దొరకలేదో లాగ్‌లో హెచ్చరిక వస్తుంది. వెతుకులాట అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.