రోహిణి ఎండలో కుట్టు, మృగశిర వానకు టాపు

మృగశిర కార్తె వస్తోందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం జనం బారులు తీరుతారు. అదే వారంలో నగరంలో ఇంకో హడావుడి కూడా ఉంటుంది. ఆటోలవాళ్లు, పాత జీపులున్నవాళ్లు తొలివాన పడకముందే చిరిగిన టాపులు కుట్టించుకోవాలి. పైకప్పు లేని పాత మోడల్ స్పోర్ట్స్ కారును ఫైబర్ బాడీతో మళ్లీ కట్టుకునే ఔత్సాహికులు దేశంలో కొద్దిమంది ఉన్నారు. వాళ్లకూ గడువు ఇదే. వాన వస్తే దాచుకోవడానికి ఆ కారుకు బట్ట తప్ప ఇంకేమీ లేదు.

బండిమీద బట్టకప్పు మనకు కొత్త కాదు. గోల్కొండ నాటి పల్లకీల మీద పరదాలుండేవి. తర్వాత మేనాలు, గూడుబండ్లు, ఝట్కాలు వచ్చాయి. ఈ మూడు నాలుగు వందల ఏళ్లలో ఆ కప్పులు కుట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. బండి ఎక్కినవాళ్ల పేర్లే మిగిలాయి. కథ మనకు స్పష్టంగా కనిపించేది బగ్గీ దగ్గర. వెనుక సీటు మీద తోలు హుడ్, దాని పక్కన మోచేతిలా మడిచే ఇనుప కమ్మీ. ఆ కమ్మీని నొక్కితే హుడ్ బిగిసి నిలబడుతుంది, ఎత్తితే వెనక్కి ఒరుగుతుంది. మోటారు కారు వచ్చినప్పుడు ఈ ఏర్పాటు ఉన్నదున్నట్టుగా దాని మీదికి ఎక్కింది.

ఇక్కడ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆగాలి. నాకు ఇష్టమైన ఘట్టం ఇదే. పురానీ హవేలీలోని ఆయన బట్టల బీరువా రెండంతస్తులది, 176 అడుగుల పొడవు. ఒకసారి తొడిగిన దుస్తులు మళ్లీ తొడిగేవారు కాదని ప్రతీతి. ఆ దుస్తుల వ్యవహారమంతా చూసిన ఆంతరంగికుడు ఆల్బర్ట్ ఆబిద్, అర్మేనియా మూలాలున్నవాడు. ఆయన తెరిచిన దుకాణం పేరే ఆ ప్రాంతానికి స్థిరపడింది. అదే ఇవాళ్టి అబిడ్స్. దుకాణం ఉన్నచోటే తర్వాత ప్యాలెస్ టాకీస్ వెలిసిందని పాతవాళ్లు చెబుతారు. మనం రోజూ నడిచే ఆ వీధికి పేరిచ్చినవాడు ఒక మనిషి కొలతలన్నీ తెలిసినవాడన్న మాట.

ఆ ప్రభువే 1911లో లండన్‌కు ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆర్డరు పంపారు. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ అమ్మేది ఇంజను, ఛాసిస్ మాత్రమే. పైన బాడీ కట్టే పని వేరేవాళ్లది. నిజాం కారుకు ఆ పని బార్కర్ సంస్థ చేసింది. 1710 నుంచీ గుర్రపు బగ్గీలు కడుతూ వచ్చిన ఇల్లు అది. పసుపు రంగు బాడీ, వెనుక సింహాసనంలా ఎత్తుగా లేపిన సీటు. రాజు కూర్చుంటే జనానికి కనపడాలి, ఆయన ఠీవికి తగ్గకూడదు. కారు బాడీని కూడా షేర్వానీలాగే మనిషిని బట్టి కొలిచి కట్టేవారు.

ఆ కారు హైదరాబాద్ చేరేసరికి మహబూబ్ అలీఖాన్ లేరు. 1911 ఆగస్టు 29న కన్నుమూశారు. కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని కింగ్ కోఠిలో ఉండేవారు. 1937లో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రానికి ఎక్కిన సంపన్నుడు ఆయన. అయినా ఈ సింహాసనం కారును పెద్దగా వాడనేలేదు. మొత్తం మీద 356 మైళ్లే తిరిగిందని చెబుతారు. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఎవరి కోసం కట్టారో ఆయన ఎక్కకుండానే మిగిలిపోయిన ఆ కారు ముందు నిలబడితే నాకు ప్రతిసారీ దిగులేస్తుంది. ఛాసిస్ ఒకచోట, బాడీ ఒకచోట, కొలతలు యజమానివి. ఇవాళ విడిభాగాల కిట్ తెచ్చుకుని ఇంటి షెడ్డులో కారు కట్టుకునేవాళ్లు చేస్తున్నదీ అదే.

కిట్ అన్న ఆలోచన మన వీధుల్లోకి రాజసంగా రాలేదు, జీపు రూపంలో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మహీంద్రావాళ్లు విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించేవారు. వాటికి కాన్వాస్ టాపు ఉండేది. ఇంగ్లండ్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కారును విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది. అదే రూపాన్ని మన దేశంలో చింకారా మోటార్స్ ఫైబర్ బాడీతో, అంబాసిడర్‌లో వాడిన ఇసుజు ఇంజనుతో రోడ్‌స్టర్‌గా తెచ్చింది. 1962 నాటి ఏసీ కోబ్రా స్పోర్ట్స్ కారుకైతే ప్రపంచమంతా నకళ్లే. ఆ కోబ్రా హుడ్ మడిచేది కాదు, విడదీసేది. బట్టను మోసే కమానులు ఊడదీసి, బట్ట చుట్టి డిక్కీలో పెట్టుకోవాలి.

ఇలాంటి కారుకు టాపు వేయడంలో అసలు చిక్కు ఏమిటంటే, అచ్చు నుంచి తీసిన ఏ రెండు ఫైబర్ బాడీలూ సరిగ్గా ఒక్కలా ఉండవు. కుడివైపు, ఎడమవైపు కూడా కాస్త తేడా ఉంటుంది. అద్దం ఫ్రేము ఎవరు బిగిస్తే వాళ్ల చేతివాలును బట్టి ఉంటుంది. అందుకే పెట్టెలో వచ్చిన రెడీమేడ్ టాపు చాలాసార్లు సరిపోదు. బండి మీదే కొలత తీసి కుట్టాలి.

ముందు కమానులు నిలబెట్టి, కారు యజమానిని సీట్లో కూర్చోబెట్టి తలకు తగులుతుందేమో చూడాలి. కమానులు ముందుకూ వెనక్కూ జరగకుండా అద్దం పట్టీ నుంచి వెనుక దాకా నవారు బిగించాలి. బాడీకి నిలువునా మధ్యగీత సుద్దతో గీయాలి, బట్ట మీదా గీయాలి. ఆ రెండు గీతలూ కలిస్తేనే మిగతా పని. పాత దుప్పటితో నమూనా కత్తిరించి, గుండుసూదులతో బిగించి, ముడత ఎక్కడ పడుతోందో చూసుకున్నాకే రెక్సిన్ మీద కత్తెర పెట్టాలి. ముందు అంచు అద్దం పట్టీకి చేరాక, వెనుక నడిమధ్య టిచ్ బటన్ మొదట వేస్తారు. అక్కణ్నుంచి కుడికొకటి, ఎడమకొకటి. మూలలు చివరికి. మూలతో మొదలుపెడితే బట్ట ఓవైపు లాగి ముడత శాశ్వతమవుతుంది. ఫైబర్‌లో నేరుగా స్క్రూ దింపితే కొన్నాళ్లకు ఊడివస్తుంది, లోపల వాషరు పడాలి. డ్రిల్లు పెట్టేచోట మాస్కింగ్ టేపు అంటించి, సన్నని బిట్‌తో మొదలుపెట్టాలి. లేకపోతే పై పూత పెచ్చులూడుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైంది ఎండ. రెక్సిన్ వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండలో గంటసేపు పరిచి, మెత్తబడ్డాక లాగి బిగిస్తే సాయంత్రానికి డోలు చర్మంలా నిలుస్తుంది. ఏసీ గదిలోనో, వాన మొదలయ్యాకనో బిగిస్తే తర్వాత ఎండకు వదులై వేలాడుతుంది. అందుకే రోహిణిలో పని, మృగశిరలో పరీక్ష. ఇంత చక్కగా అమరిన పంచాంగం ఈ చేతిపనికి ఇంకెక్కడైనా ఉందా అనిపిస్తుంది నాకు.

ఇక్కడి నుంచి కథ చీలిపోతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. దాంతో ఇంట్లో కట్టిన బండి రోడ్డెక్కడం కష్టం. కొన్ని నకలు వింటేజ్ కార్లు పెళ్లి బరాత్‌లకే పరిమితమయ్యాయి. వాటికి టాపు అలంకారమే. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో చేతితో కట్టిన చిత్రమైన బండ్లన్నీ కప్పు కిందే ఉన్నాయి. అటువైపు కొత్త ఎలక్ట్రిక్ ఆటోలు కొన్ని గట్టి పైకప్పుతోనే వస్తున్నాయి.

నాంపల్లి స్టేషన్ ముందు వరసకట్టిన ఆటోల టాపులను కాసేపు నిలబడి చూడండి. అంచున పైపింగ్, కమాను మీద రెట్టింపు కుట్టు, వెనుక పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ. కోబ్రా నకలుకు కావలసిన నేర్పంతా అక్కడే ఉంది. రెప్లికా కారున్నవాళ్లు విదేశీ కిట్ కోసం నెలలు ఎదురుచూసే బదులు ఆ కుట్టుపనివాళ్లను బండి దగ్గరికి పిలవాలి, వాళ్లడిగిన కూలి ఇవ్వాలి. పని అయ్యాక టాపును తడిగా మడవొద్దు, బూజు పడుతుంది. ప్లాస్టిక్ కిటికీకి పెట్రోలు తగలనివ్వొద్దు, మసకబారుతుంది. దుప్పటి నమూనాను కుడి, ఎడమ, ముందు అని రాసి చుట్టి దాచండి. కుట్లు వదిలి మళ్లీ టాపు వేయాల్సి వచ్చిన రోజు ఆ కారుకు సరిపడే కొలతలు మరెక్కడా దొరకవు.