తొలితరం తెలుగు టాకీలలో నటగాయకులు: స్వీయగానం నుంచి నేపథ్యగానానికి

ఉపోద్ఘాతం

తొలితరం తారలు తమ పాటలు తామే పాడుకొనేవారన్న మాట తెలుగు చలనచిత్ర చరిత్ర రచనలలో తరచుగా కనిపిస్తుంది. స్థూలంగా ఇది సత్యమే. అయితే ఎంతకాలం, ఏ కారణం చేత, ఏ అర్థంలో పాడుకొన్నారన్న ప్రశ్నలకు ఆ మాటలో సమాధానం లేదు. పాత్రధారినే గాయకునిగా భావిస్తే తెరవెనుక పాడినవారి కృషి మరుగున పడుతుంది. నేపథ్యగానం రాగానే నటుల గానం ముగిసిందనుకొంటే నటగాయకుల చివరి దశ విస్మృతమవుతుంది. 1932 నుంచి 1951 వరకు తెలుగు చిత్రాలలో కనిపించే నటునికీ వినిపించే గాత్రానికీ గల సంబంధం ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

రంగస్థల వారసత్వం

తెలుగు టాకీకి నటులను, కథలను, గానపద్ధతిని తొలుత సమకూర్చింది పద్యనాటకం. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలో నిర్మితమైన 'భక్తప్రహ్లాద' సురభి నాటక సమాజ కళాకారుల బలంతో రూపొందింది. అందులో లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి రంగస్థలం మీద పాడుతూ పెరిగిన నటి. 'హరిశ్చంద్ర' (1935)లో నటించిన అద్దంకి శ్రీరామమూర్తి, పసుపులేటి కన్నాంబ నాటకరంగం నుంచి వచ్చినవారే. పద్యానికి 'వన్స్ మోర్' కొట్టే ప్రేక్షకుడే టాకీకి కూడా ప్రేక్షకుడు. అందువల్ల పాడగలగడం నటునికి అదనపు అర్హత కాదు, ప్రాథమిక అర్హత. రాగాలాపన కంటే వాచికానికీ భావప్రకటనకూ పెద్దపీట వేసిన బళ్ళారి రాఘవ వంటి మహానటుని మార్గం ఈ వాతావరణంలో మినహాయింపుగానే మిగిలింది.

సాంకేతిక అనివార్యత

స్వీయగానానికి అభిరుచితో పాటు యంత్రం కూడా కారణం. తొలినాళ్ళలో చిత్రీకరణ, శబ్దగ్రహణం ఏకకాలంలో జరిగేవి. నటుడు కెమెరా ముందు పాడుతుండగా వాద్యకారులు దృశ్యంలో కనబడకుండా సెట్టు చాటున, ఆరుబయట అయితే చెట్ల చాటున కూర్చుని వాయించేవారు. మైకుకు దూరమైతే గొంతు తగ్గుతుంది కనుక నటుని కదలికకు పరిమితి ఉండేది. పాటలో తప్పు దొర్లితే దృశ్యమంతా మళ్ళీ తీయవలసి వచ్చేది. ఈ పద్ధతిలో ఒకరి దేహానికి మరొకరి గాత్రం అమర్చడం దుస్సాధ్యం. పాడలేని నటునికి కథానాయక పాత్ర దక్కడం కష్టం కావడానికి ఇదొక ప్రధాన కారణం.

గాత్రం విడివడిన క్రమం

పాటను ముందుగా రికార్డు చేసి, చిత్రీకరణ సమయంలో దానిని వినిపిస్తూ నటుని చేత పెదవులు కదిలింపజేసే పద్ధతి భారతీయ చిత్రరంగంలో 1935లో స్థిరరూపం పొందింది. కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థ నితిన్ బోస్ దర్శకత్వంలో నిర్మించిన బెంగాలీ చిత్రం 'భాగ్యచక్ర', దాని హిందీ రూపం 'ధూప్ ఛావ్' ఇందుకు ప్రసిద్ధ నిదర్శనాలు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. ముందుగా రికార్డు చేయడం, పరగాత్రాన్ని వాడడం ఒకటి కావు. నటుడు తన పాటనే ముందుగా రికార్డు చేసి, ఆ పాటకు తానే పెదవులు కదపవచ్చు. కాబట్టి సెట్టు మీద స్వయంగా పాడడం, ముందుగా రికార్డు చేసిన స్వంత గాత్రానికి అభినయించడం, పరగాత్రానికి అభినయించడం అని మూడు స్థితులను గుర్తించవలసి ఉంటుంది. 'తామే పాడుకొన్నారు' అన్న వాక్యం మొదటి రెండింటినీ కలిపివేస్తుంది. రెండవ స్థితిలో గొంతు నటునిదే అయినా, పాడే క్షణం వేరు, కనిపించే క్షణం వేరు. మూడవ స్థితికి ద్వారం తెరచుకొన్నది అక్కడే.

'తొలి' నేపథ్యగానం

తెలుగులో ఈ మూడవ స్థితికి సంబంధించి రెండు పేర్లు ప్రధానంగా వినిపిస్తాయి. 'భాగ్యలక్ష్మి' (1943)లో నటి కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి గాత్రమిచ్చారు. 'తహసీల్దార్' (1944)లో కథానాయకుడు సిహెచ్. నారాయణరావుకు ఎం.ఎస్. రామారావు పాడారు. 'తొలి నేపథ్యగాయని', 'తొలి నేపథ్యగాయకుడు' అన్న గుర్తింపులను వేర్వేరుగా చూస్తే ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. పైగా బాలసరస్వతీదేవి బాలనటిగా చిత్రరంగంలోకి వచ్చి, తెరపై పాడిన అనుభవం గలవారు. నటగాయనిలోంచే నేపథ్యగాయని రూపొందడం గమనార్హం.

సహజీవన దశ

1943 తరువాత స్వీయగానం ఆగిపోలేదు. చిత్తూరు నాగయ్య 'పోతన' (1943), 'త్యాగయ్య' (1946), 'యోగివేమన' (1947) చిత్రాలలో తన పాటలు తానే పాడారు. ఆ పాత్రలలో ఆయన అభినయాన్ని గానం నుంచి విడదీసి విలువ కట్టడం సాధ్యం కాదు. తొలి చిత్రాలలో స్వయంగా పాడిన అక్కినేని నాగేశ్వరరావుకు 'బాలరాజు' (1948)లో ఘంటసాల గాత్రం తోడైంది. అదే చిత్రంలో ఎస్. వరలక్ష్మి తన పాటలు తానే పాడుకొన్నారు. 'మనదేశం' (1949) నిర్మాత, కథానాయిక సి. కృష్ణవేణి కూడా స్వయంగా పాడారు.

1951 నాటి రెండు చిత్రాలు ఈ సంధిదశను స్పష్టం చేస్తాయి. 'పాతాళభైరవి'లో ఎన్.టి. రామారావుకు ఘంటసాల, మాలతికి పి. లీల పాడారు. నాయికానాయకులిద్దరిదీ పరగాత్రమే. 'మల్లీశ్వరి'లో రామారావుకు ఘంటసాల పాడగా, భానుమతి తన పాటలు తానే పాడుకొన్నారు. అంటే ఒకే యుగళగీతంలో ఒక గొంతు తెరపై కనిపించే నటిది, మరొకటి తెరవెనుక గాయకునిది. ఆ చిత్ర సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు బాల్యంలో 'శ్రీకృష్ణలీలలు' (1935)లో కృష్ణునిగా నటించి పాడినవారే. ఈ పరిణామమంతా ఒకే తరం కళాకారుల జీవితాలలో ఇమిడి ఉంది.

ఆధారాల సమస్య

గాయకుని గుర్తించడానికి పరిశోధకునికి లభించే ఆధారాలు చిత్రం ప్రతి, పాటల పుస్తకం, గ్రామఫోను రికార్డు. 'భక్తప్రహ్లాద' ప్రతి నేడు లభ్యం కాదు. పాటల పుస్తకంలో పాట పక్కన పాత్ర పేరు ఉన్నంత మాత్రాన గాయకుడెవరో తేలదు. రికార్డు మీది పేరును కూడా యథాతథంగా స్వీకరించరాదు. హిందీ చిత్రం 'మహల్' (1949)లో లతా మంగేష్కర్ పాడిన ప్రసిద్ధగీతం రికార్డుపై తొలుత ముద్రితమైనది మధుబాల ధరించిన పాత్ర పేరు 'కామిని'. గాత్రం ఒకరిది, రూపం మరొకరిది, పేరు ఆ ఇద్దరిదీ కాదు. కనుక ఒక ఆధారాన్ని మరొకదానితోనూ, గాత్రధర్మంతోనూ సరిపోల్చి నిర్ణయించడం శాస్త్రీయ మార్గం.

ముగింపు

తొలితరం తారల స్వీయగానం పద్యనాటక సంప్రదాయం, ఏకకాల శబ్దగ్రహణం కలిసి నిర్ణయించిన విధానం. రెండవ కారణం తొలగినా మొదటిది దాదాపు మరో దశాబ్దంన్నర పాటు నిలిచింది. నాగయ్య, భానుమతి, వరలక్ష్మి వంటివారు అవసరం తీరిన తరువాత కూడా పాడారు. వారి స్వీయగానం యంత్రం విధించిన నియమం కాదు, కళాకారులుగా వారు నిలబెట్టుకొన్న హక్కు. అందువల్ల 'తారలు పాడారా?' అన్న ప్రశ్నను యుగం మొత్తానికి కాక, ఒక్కొక్క చిత్రానికి, ఒక్కొక్క పాటకు వేసుకోవాలి. అప్పుడే తెరపై పాడినవారికీ, తెరవెనుక పాడినవారికీ చరిత్రలో సముచిత స్థానం లభిస్తుంది.